తాడు లెక్కకు 62, వృత్తం లెక్కకు 79: దుంగ కొలతలో 17 అడుగులు ఎక్కడికి పోయాయి?

మీరు అడిగిన సంగతిని ముందు రెండు మాటల్లో చెప్పుకుంటే, తక్కినవాళ్లకు కూడా సులువుగా ఉంటుంది. కలిగిరి దగ్గర మీ నాన్నగారి పొలం గట్టు మీద ఉన్న కొన్ని టేకు చెట్లను, ఒక పెద్ద వేపచెట్టును కొట్టించి దుంగలు చేయించారు. కొనడానికి వచ్చిన కలప వ్యాపారి ప్రతి దుంగకూ నడుమ తాడు చుట్టి, ఆ తాడును నాలుగు మడతలు పెట్టి బద్ద మీద కొలిచి, మొత్తం 62 ఘనపుటడుగులని చీటీ రాసి ఇచ్చాడు. మీరు అమెరికాలో ఉండి, నాన్నగారు ఫోనులో చెప్పిన అవే చుట్టుకొలతలను తీసుకొని వృత్త వైశాల్యం సూత్రంతో లెక్క కడితే 79 వచ్చింది. అక్కడివాళ్లు వాడే ఒక లెక్కింపు పేజీలో అవే అంకెలు వేస్తే ఈ రెంటికీ పొంతన లేని మూడో అంకె వచ్చింది. ఆ వ్యాపారి మోసం చేశాడా, వీటిలో ఏది నిజం అన్నది మీ ప్రశ్న.

నేను కావలిలో ఒక కలప అడితిలో 31 ఏళ్లు పనిచేశాను. మొదట చీటీలు రాసేవాణ్ణి, తరువాత కొలత కూడా నా చేతికే వచ్చింది. ఆ అనుభవంతో చెప్తున్నాను: 62కూ 79కీ మధ్య ఉన్న 17 అడుగులలో మోసం లేదు. కాని మీరు పంపిన వివరాలు చూస్తే, మీరు అనుమానించని మరొకచోట, అంటే ఆ వేపదుంగ కొలతలో, మీ నాన్నగారికి కొంత నష్టం జరిగిందనే నాకు అనిపిస్తున్నది. ఆ సంగతికి తరువాత వస్తాను.

ముందు తాడు లెక్క. దుంగ చుట్టుకొలతలో నాలుగో వంతు తీసి, దానిని దానితోనే గుణించి, వచ్చినదాన్ని పొడవుతో గుణిస్తే ఘనపరిమాణం వస్తుందన్నది ఈ పద్ధతి. మీరు రాసిన టేకు దుంగనే తీసుకుందాం. పొడవు 12 అడుగులు, నడుమ చుట్టు 48 అంగుళాలు. నాలుగో వంతు 12 అంగుళాలు, అంటే ఒక అడుగు. ఒక అడుగును ఒక అడుగుతో గుణిస్తే ఒక చదరపుటడుగు, దానిని 12 అడుగుల పొడవుతో గుణిస్తే 12 ఘనపుటడుగులు. వ్యాపారి చీటీలో ఉన్నది ఇదే. మీరు చేసినది వేరు. 48 అంగుళాల చుట్టు ఉన్న వృత్తానికి వ్యాసం సుమారు 15.28 అంగుళాలు, వైశాల్యం 183 చదరపు అంగుళాల పైచిలుకు, కాబట్టి అదే దుంగ మీ లెక్కలో 15.28 ఘనపుటడుగులు అయింది. ఈ రెంటి నిష్పత్తి ఏ దుంగకైనా, ఎంత లావుకైనా మారదు. తాడు లెక్క ఎప్పుడూ నిండు గుండ్రని పరిమాణంలో 78.5 శాతమే చూపిస్తుంది, అంటే వృత్తం లెక్కలో వచ్చే ‘పై’ (π, సుమారు 3.14) అనే అంకెను నాలుగుతో భాగిస్తే వచ్చేది. మీ 79ని 0.785తో గుణించి చూడండి, 62 వస్తుంది. వ్యాపారి తాడు సరిగానే పట్టాడనడానికి, మీరు గుణకారం సరిగానే చేశారనడానికి ఇదే సాక్ష్యం.

మరి గుండ్రని దుంగను నలుచదరంగా ఎందుకు లెక్క కట్టాలి అని అడుగుతారు. కొనేవాడికి కావలసింది గుండ్రని దుంగ కాదు, దూలం, వాసం, ద్వారబంధం, పలక. నాలుగు పక్కలా చెక్కి చదరం చేస్తే ఎంత మిగులుతుంది అన్నదే అతని చూపు. నిజానికి 15.28 అంగుళాల వ్యాసంలో అంచులు ఎక్కడా గుండ్రం తేలకుండా పట్టే అతిపెద్ద చదరం భుజం 10.8 అంగుళాలే. ఆ దూలం 12 అడుగుల పొడవులో 9.7 ఘనపుటడుగులకు మించదు. తాడు లెక్క 12 అంటుంది, నిండు గుండ్రం 15.28. అంటే పాత వ్యాపారులు, పక్క చెక్కలలో కొంత పనికి వస్తుంది, కొంత పొయ్యిలోకి పోతుంది అన్నట్టుగా మధ్యలో ఒకచోట నిలబడ్డారు. ఇంగ్లండులో ఎడ్వర్డ్ హోపస్ అనే ఆయన ఇదే లెక్కకు 1736లో పట్టికలు అచ్చువేయించాడు. అప్పటినుంచి ఇంగ్లీషువాళ్ల కలప వ్యాపారమంతా ఆయన పేరు మీదే నడిచి, బర్మా టేకుతోపాటు మన అడితులకూ ఆ లెక్క స్థిరపడింది. ఈనాటికీ విదేశీ టేకు దుంగలను దిగుమతి చేసుకొనేవాళ్లు ఘనపు మీటరుకు ముందు ‘హోపస్’ అన్న మాట ఉందా లేదా అని చూసుకొనే ధర మాట్లాడతారు. తాడును నాలుగు మడతలు పెట్టడంలో ఒక అందం కూడా ఉంది. లెక్క రానివాడు కూడా పావు భాగాన్ని కళ్ల ఎదుటే చూడగలడు, దానికి గుణకారం గాని భాగహారం గాని అక్కర్లేదు.

నిండు పరిమాణం కావలసినవాళ్లకు పాతవాళ్ల దగ్గర మరొక చిట్కా ఉండేది. చుట్టులో నాలుగో వంతు బదులు అయిదో వంతు తీసి, దాని వర్గాన్ని రెట్టింపు పొడవుతో గుణించాలి. మన దుంగకే వేస్తే అయిదో వంతు 9.6 అంగుళాలు, దాని వర్గం 92.16, దానిని 24 అడుగులతో గుణించి 144తో భాగిస్తే 15.36. మీ సూత్రానికీ దీనికీ ఉన్న తేడా అర శాతం. పై అన్న మాట వినని మనిషి పొలం గట్టు మీద నిలబడి ఇంత దగ్గరగా రావడం తక్కువ సంగతేమీ కాదు.

కాబట్టి ‘ఘనపుటడుగు’ అన్న మాటకు మన వ్యాపారంలో ఒకే అర్థం లేదు. అడుగు ఎంతకు అని ధర అడగడానికి ముందు, ఏ లెక్కలో అడుగు అని అడగాలి. తాడు లెక్కలో అడుగు 1,000 రూపాయలంటే, నిండు లెక్కలో అది 785 రూపాయలతో సమానం. రెండు పద్ధతులలోనూ మీ నాన్నగారి చేతికి వచ్చే డబ్బు ఒకటే. ధర ఒక లెక్కది, కొలత మరొక లెక్కది అయినప్పుడే ఎవరో ఒకరు మునుగుతారు. ఒకసారి నేనే మునిగాను. సుమారు ఇరవై ఏళ్ల కిందట దర్శి వైపు ఒక తోటలో టేకు దుంగలు బేరం చేశాను. తోట యజమాని కొడుకు ఇంజనీరు. ఆ అబ్బాయి ప్రతి దుంగనూ మీలాగే వృత్తం లెక్కన కొలిచి, మొత్తం 2 ఘనపు మీటర్లని కాగితం మీద చక్కగా రాసి పెట్టాడు. ఘనపు మీటరుకు 35.3 ఘనపుటడుగులు కదా అని నేను 70 అడుగులకు పైగా లెక్క వేసుకొని, అడితిలో మా అమ్మకం ధరను బట్టి బేరం కుదిర్చాను. దుంగలు అడితికి వచ్చాక తాడు పెడితే 55 అడుగుల పైన ఏమీ లేదు. నిండు ఘనపు మీటరును తాడు లెక్క అడుగులలోకి మార్చాలంటే 35.3 కాదు, 27.74తో గుణించాలి. ఆ అబ్బాయి తప్పేమీ లేదు, తాను కొలిచినది సరిగానే రాశాడు. ఏ లెక్కని అడగకపోవడం నా తప్పు.

మీ మూడో అంకె సంగతి త్వరగా తేల్చేద్దాం. అమెరికాలో దుంగను ఘనపుటడుగులలో కాక బోర్డు అడుగులలో చెప్తారు. ఒక అడుగు పొడవు, ఒక అడుగు వెడల్పు, ఒక అంగుళం మందం ఉన్న పలక ఒక బోర్డు అడుగు, అంటే మన ఘనపుటడుగులో పన్నెండో వంతు. ఒక దుంగ నుంచి ఎన్ని బోర్డు అడుగుల పలక కోయవచ్చో చెప్పే సూత్రాలు అక్కడ చాలానే ఉన్నాయి. మీరు వాడినది డాయిల్ సూత్రం అయి ఉంటుంది. అది వ్యాసంలోనుంచి 4 అంగుళాలు తీసేసి, మిగిలినదాన్ని నాలుగుతో భాగించి, దాని వర్గాన్ని పొడవుతో గుణిస్తుంది. మన టేకు దుంగకు అది 95 బోర్డు అడుగులని చెప్తుంది, అంటే 8 ఘనపుటడుగుల లోపే. పైగా ఆ సూత్రానికి కొన వైపు వ్యాసం, బెరడు లోపలిది ఇవ్వాలి. మీరు నడుమది ఇచ్చారు. సన్నని దుంగలను అమ్మేవాడిని అది తాడు లెక్కకన్నా ఎక్కువగా దెబ్బ తీస్తుంది. మీ బేరానికి దానితో పని లేదు, పక్కన పెట్టండి.

ఇక అసలు తగవు పుట్టే చోటు, తాడును దుంగ మీద ఎక్కడ పెట్టాలన్నది. చెట్టు స్తంభంలా ఉండదు, మొదలు లావుగా, కొన సన్నగా ఉంటుంది. నడుమ పెట్టి ఒక్కసారి కొలవడం ఒక ఆచారం. మొదలు, కొన రెండూ కొలిచి సగటు తీయడం ఇంకొకటి. సగటులో కూడా రెండు రకాలున్నాయి, చుట్టుకొలతల సగటు, వైశాల్యాల సగటు. ఉదాహరణకు 12 అడుగుల దుంగ మొదలు 60, నడుమ 48, కొన 36 అంగుళాల చుట్టుతో క్రమంగా సన్నబడిందనుకుందాం. నడుమ కొలిస్తే తాడు లెక్కలో 12 అడుగులు. చివరల వైశాల్యాలను సగటు తీస్తే, పావు చుట్లు 15, 9 అంగుళాలు, వాటి వర్గాలు 225, 81, సగటు 153, దాని ప్రకారం 12.75 అడుగులు. సరైన అంకె ఈ రెంటి మధ్యలో ఉంది.

అది పట్టుకోవడానికి మన దగ్గరే ఒక పాత సూత్రం ఉంది. భాస్కరాచార్యులు 1150లో రాసిన లీలావతి గణితంలో, పైన వెడల్పుగా, అడుగున ఇరుకుగా ఉండే గుంతలో ఎంత మట్టి తీశారో లెక్క కట్టే పద్ధతి చెప్పారు. గుంత పైభాగం వైశాల్యం, అడుగుభాగం వైశాల్యం, పైభాగం, అడుగుభాగం భుజాలను కలిపితే వచ్చే భుజాలతో కట్టిన వైశాల్యం, ఈ మూడింటినీ కలిపి ఆరుతో భాగించి లోతుతో గుణించమన్నారు. మన దుంగను పక్కకు పడుకోబెట్టిన గుంతగా చూడండి. 225, 81, పదిహేనూ తొమ్మిదీ కలిస్తే 24 కాబట్టి దాని వర్గం 576. మూడూ కలిపి 882, ఆరుతో భాగిస్తే 147. దానిని 144తో భాగించి 12తో గుణిస్తే 12.25 అడుగులు. నడుమ తాడు కొలత పావు అడుగు తక్కువ చూపింది, చివరల సగటు అర అడుగు ఎక్కువ చూపింది. క్రమంగా సన్నబడే దుంగ ఏదైనా ఇదే వరుస. చివరల సగటులో తప్పు నడిమి కొలతలో తప్పుకు రెట్టింపు, అదీ ఎదురు దిక్కున. నేటి అటవీ శాస్త్రంలో ఈ సూత్రానికి న్యూటన్ పేరు పెట్టారు. మొదలు, కొనలకు ఒక్కొక్క పాలు, నడుముకు నాలుగు పాళ్లు ఇచ్చి ఆరుతో భాగిస్తారు. రెండూ ఒకటే, ఎందుకంటే భుజాలను కలిపిన వైశాల్యం నడిమి వైశాల్యానికి సరిగ్గా నాలుగింతలు.

ఇప్పుడు మీ వేపదుంగ. 12 అడుగుల పొడవులో మొదలు 72, నడుమ 46, కొన 36 అంగుళాలని రాశారు. వేపచెట్టు నేల దగ్గర వేళ్ల వైపు బాగా విచ్చుకుంటుంది, పిడుగుపాటుకో గాలికో కొమ్మ విరిగినచోట ముడులు కట్టి ఉబ్బుతుంది, దాని మొదలు టేకు మొదలులా ఉండదు. వ్యాపారి నడుమ 46కే తాడు పెట్టాడు కాబట్టి అతని లెక్క 11 అడుగులు. మీ నాన్నగారి తరఫువాళ్లెవరైనా మొదలూ కొనా కొలిచి వైశాల్యాలు సగటు తీయమని పట్టుబడితే అది దాదాపు 17 అయ్యేది, ఆ మాట ఏ వ్యాపారీ ఒప్పుకోడు, ఒప్పుకోవలసిన పని కూడా లేదు. మూడు చుట్లనూ న్యూటన్ పద్ధతిన కలిపితే 13 అడుగులకు కాస్త తక్కువ వస్తుంది. అంటే ఈ ఒక్క దుంగలో మీకు రెండు అడుగుల దాకా రావలసి ఉంది. వ్యాపారి దీనిని కావాలనే చేశాడని నేను అనను. నడుమ తాడు పెట్టడం అతని చేతి అలవాటు. అయితే కొనేవాడి అలవాటు కొనేవాడివైపే మొగ్గుతుందన్నది కూడా నిజమే. ఇలాంటి దుంగకు మా మేస్త్రి నేర్పిన మందు చాలా సులువైనది. ఆయన గుణకారాల జోలికి పోయేవాడు కాదు, దుంగను కోయకుండానే రెండు ముక్కలుగా ఎంచి, ఒక్కొక్క ముక్క నడుమ విడిగా తాడు పెట్టేవాడు. ముక్క ఎంత పొట్టిదైతే కొలత అంత నిజానికి దగ్గరవుతుంది.

కొలత చోటుకన్నా ఎక్కువగా నష్టం చేసేది, అంతగా ఎవరి కంటా పడనిది, అంకెను కిందికి దించడం. చుట్టు 47 అంగుళాలు వస్తే పావు 11.75. ‘పదకొండు’ అని పలికి రాసేస్తే, ముప్పావు అంగుళమే కదా అనిపిస్తుంది. కాని వర్గం చేసేటప్పుడు 138 బదులు 121 అవుతుంది, అంటే దాదాపు ఎనిమిదో వంతు పోయింది. దుంగ సన్నదయ్యేకొద్దీ ఈ కోత ఇంకా పెరుగుతుంది. పొడవులో కూడా అర అడుగును వదిలేయడం మామూలే, కాని అక్కడ పోయేది ఆ అర అడుగు మేరకే, వర్గం కాదు కదా. అందుకే పొడవు దగ్గర కొంచెం పట్టువిడుపు చూపినా, చుట్టు దగ్గర అంగుళంలో పావు కూడా వదలకూడదు. తాడు బదులు టేపు పెట్టించండి. తాడు సాగే గుణం ఉన్నదైతే, చుట్టేటప్పుడు బిగించి, బద్ద మీద వదులుగా పరిస్తే అంగుళం సునాయాసంగా మాయమవుతుంది.

బెరడు సంగతి. అర అంగుళం మందం బెరడు ఉంటే చుట్టులో 3 అంగుళాలకు పైగా తేడా వస్తుంది, ఎందుకంటే మందానికి ఆరు రెట్లకు మించి చుట్టు పెరుగుతుంది. మన 12 అడుగుల టేకు దుంగ బెరడు మీద కొలిచినదైతే, బెరడు ఒలిచాక పదిన్నర అడుగులే. నల్లతుమ్మ, వేప వంటి మందపాటి బెరడు చెట్లకు ఇది చిన్న విషయం కాదు. తాడు పెట్టే చోట గొడ్డలితో ఒక పట్టీ వెడల్పున బెరడు చెక్కించి అక్కడ కొలవడం తగవు లేని పద్ధతి. బెరడు మీదే కొలిచి ఆ తరువాత ఏదో ఒక తరుగు తీస్తామంటే, ఆ తరుగు ఎంతో ముందే చెప్పించుకోవాలి.

తొర్ర దగ్గర ఒక చిక్కు ఉంది, చాలామంది అనుభవజ్ఞులు కూడా గమనించరు. దుంగ నడుమ 4 అంగుళాల వ్యాసం తొర్ర ఉంటే, కొలిచేవాడు 4ను 4తో గుణించి, 12 అడుగుల పొడవుకు 1.33 అడుగులు తీసేస్తాడు. కాని దుంగను లెక్క కట్టినది పావు చుట్టుతో, అంటే ఇప్పటికే గుండ్రంలో ఐదో వంతుకు పైగా వదిలేసి. తొర్రను కూడా అదే లెక్కన, దాని చుట్టులో నాలుగో వంతుతో కట్టాలి. అప్పుడు తీసేయవలసినది 0.82 అడుగులు మాత్రమే. దుంగకు ఒక లెక్క, తొర్రకు ఒక లెక్క వేస్తే అమ్మేవాడు రెండుసార్లు నష్టపోతాడు. దీనికి ఎదురుగా అమ్మేవాడికి లాభం చేసే లోపం ఒకటి ఉంది, కోడిగుడ్డు ఆకారపు దుంగ. ఒక పక్క 20 అంగుళాలు, అడ్డంగా 12 అంగుళాలు ఉన్న దుంగకు తాడు చుట్టి కొలిస్తే, తాడు దానిని గుండ్రమనే అనుకొని పదో వంతు ఎక్కువ చూపుతుంది. గాడులు, లోయలు పడిన మొదలు మీద కూడా అంతే, తాడు లోయలోకి దిగదు, గాలిని కూడా కలపగా లెక్కిస్తుంది. మీ వేపదుంగ మొదలు 72 అంగుళాలలో ఇలాంటి గాలి కొంత ఉండవచ్చు. అందుకే పైన నేను చెప్పిన 13 అడుగులను గట్టి అంకెగా పట్టుకోకుండా, రెండు ముక్కల కొలత చేయించమంటున్నాను.

కోత కూలి సంగతి అడగలేదు గాని, మీ నాన్నగారు రెండు టేకు దుంగలను ఇంటికే కోయించుకుంటామన్నారని రాశారు కాబట్టి చెప్తున్నాను. కోతకు కొలత ఘనపుటడుగు కాదు, రంపం తగిలిన వైశాల్యం. యంత్రాల మిల్లులు రాకముందు గుంట మీద దుంగను ఎత్తి, పైన ఒకరు, కింద ఒకరు రంపం లాగే రోజులలో కూలి చదరపుటడుగులలోనే మాట్లాడుకొనేవాళ్లు. ఇది కూడా లీలావతిలో ఉన్నదే. మొదలు దగ్గర 20 అంగుళాల మందం, కొనన 16 అంగుళాల మందం, 100 అంగుళాల పొడవు ఉన్న కొయ్యను నాలుగు కోతలు కోస్తే ఎంత కోత అని అక్కడ ప్రశ్న. సగటు మందం 18ని 100తో, 4తో గుణించి, హస్తానికి, అంటే మూరకు, 24 అంగుళాలు కాబట్టి 576తో భాగిస్తే పన్నెండున్నర చదరపు హస్తాలు. ఆ అంగుళం వేలి వెడల్పు, టేపు మీది అంగుళం కాదు. కొయ్య మెత్తనా గట్టినా అన్నదాన్ని బట్టి కూలి ఒప్పుకోవాలని కూడా అందులో ఉంది. నల్లతుమ్మ కోతకు ఎక్కువ అడిగే మన మిల్లువాళ్లది కొత్త గొంతేమీ కాదన్నమాట. కోయించాక ఎంత చేతికి వస్తుందో కూడా ముందే అనుకోండి. గట్టు మీద పెరిగిన టేకుకు చేవ తక్కువ, బయటి తెల్లకొయ్య ఎక్కువ. తాడు లెక్కలో 12 అడుగులున్న దుంగ నుంచి చేవతో నిండిన ద్వారబంధాల కొయ్య ఏడెనిమిది అడుగులు దిగితే మంచి కోతే అనుకోవాలి.

వేప కొమ్మలు, సన్నని ముక్కలు తాడుకు రావు, వాటిని కాటా మీదే అమ్మాలి. ప్రకాశం జిల్లాలో సుబాబుల్, జామాయిల్ రైతులు, సముద్రపు ఒడ్డున సరుగుడు తోపులవాళ్లు టన్నులలోనే మాట్లాడతారు, అక్కడ ఘనపుటడుగు ప్రసక్తే ఉండదు. పచ్చికట్టెలో నీరు చాలా ఉంటుంది కాబట్టి కొట్టిన రోజు తూకానికీ పది రోజుల తరువాత తూకానికీ తేడా బాగా తెలుస్తుంది. తూకానికి అమ్మేది ఏదైనా ఆలస్యం చేయవద్దు. కట్టెను పేర్చి, ఆ పేర్పు పొడవు, వెడల్పు, ఎత్తు గుణించి అమ్మే పద్ధతిలో మరో మాయ ఉంది. ఒకే లావు గల గుండ్రని కట్టెలను ఒకదాని మీద ఒకటి నిలువుగా, వరుసగా పేర్చినా అందులో కొయ్య 78.5 శాతమే, తక్కినది గాలి. తాడు లెక్కలో వచ్చిన అంకే ఇక్కడ మళ్లీ ఎదురైంది, రెండుచోట్లా ఉన్నది చదరంలో ఇరుక్కున్న వృత్తమే. వంకర కొమ్మలైతే గాలి మూడో వంతు దాటుతుంది. మన వెలిగొండలలో, ఉదయగిరి, రాపూరు అడవులలో పెరిగే ఎర్రచందనానికి కూడా తూకమే కొలత. ప్రభుత్వం వేలం వేసేది టన్నుల లెక్కనే. నీటిలో మునిగేంత బరువైన, చేవకే విలువ ఉన్న కొయ్యను తాడుతో కొలవడంలో అర్థం లేదు.

ఇక మీ నాన్నగారు చేయవలసిన పని. 62 అన్న చీటీని చించేయవద్దు, వ్యాపారితో మాట తెంచుకోవద్దు. చీటీ మీద దుంగ వరుస సంఖ్య, పొడవు, తాడు పెట్టిన చోటు, చుట్టు, బెరడు మీదా కిందా అన్న సంగతి, పావు చుట్టు లెక్క అన్న మాట, ఇవన్నీ అతని చేతే రాయించండి. టేకు దుంగలకు నడుమ కొలత సరిపోతుంది, వాటి చుట్లను అంగుళంలో పావు వరకు టేపుతో మరొకసారి చూసుకుంటే చాలు. వేపదుంగకు మొదలు నుంచి ఆరో అడుగు దగ్గర సుద్దతో అడ్డంగా గీత గీయించి, మూడో అడుగు దగ్గర ఒకసారి, తొమ్మిదో అడుగు దగ్గర ఒకసారి చుట్టు తీయించండి. అక్కడ 56, 40 వచ్చాయనుకోండి, పావులు 14, 10, వాటి వర్గాలు 196, 100, కలిపి 296, దానిని 6తో గుణించి 144తో భాగిస్తే 12.33 అడుగులు, అంటే చీటీలోని 11 మీద అడుగుకు పైగా పెరుగుదల. ఇలా అడిగితే వ్యాపారికి కాదనడానికి మాట ఉండదు, ఎందుకంటే మీరు అతని తాడునూ, అతని లెక్కనూ ఒప్పుకొన్నారు, తాడు రెండుసార్లు పెట్టమన్నారు అంతే. ఆ రెండు చుట్లు తీయించాక అంకెలు నాకు రాయండి, 62ను ఎంతకు దిద్దాలో లెక్క కట్టి చెప్తాను.